కానర్ బెడార్డ్ నిలబడతాడా? షికాగో తెలుగువాళ్లతో ఒక హాకీ మాట

(2025 ఆగస్టులో షికాగో శివార్లలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను.

హాకీ అంటే మనలో చాలామందికి ధ్యాన్‌చంద్ ఆడిన గడ్డి మీద హాకీయే గుర్తొస్తుంది. నేను మాట్లాడేది ఐస్ హాకీ గురించి, అందులోనూ మన ఊరి జట్టు బ్లాక్‌హాక్స్ గురించి, ఆ జట్టులో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు కానర్ బెడార్డ్ గురించి. ఈ వేసవంతా ఎవరిని కలిసినా ఇదే అడుగుతున్నారు: ఏమండీ, అంత గొప్పగా చెప్పారు కదా, రెండు సీజన్లు అయిపోయాయి, ఏదీ ఆ గొప్ప? హైపేనా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. నిలబడతాడు, చాలా పెద్ద ఆటగాడవుతాడు. కాకపోతే ఇంకో రెండు మూడేళ్లు పట్టొచ్చు, ఆ ఆలస్యానికి సగం కారణం అతని ఆటలో ఉంది, మిగతా సగం అతని చుట్టూ ఉంది. ఈ రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే ఇవాళ నేను దాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

కొత్తవాళ్ల కోసం డ్రాఫ్ట్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. ప్రతి ఏడాదీ జూన్ చివర్లో, అమెరికా కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లోని 32 జట్లు పద్దెనిమిదేళ్ల పిల్లల్ని వరసగా ఎంచుకుంటాయి. ఐపీఎల్ వేలంలా ఎక్కువ డబ్బు పెట్టినవాడికి కాదు, అడుగున నిలిచిన జట్లకు ముందు అవకాశం ఇస్తారు, అదీ లాటరీ తీసి. 2023లో షికాగో కింది నుంచి మూడో స్థానంలో ఉంది, లాటరీ తగిలే అవకాశం 11.5 శాతమే, అయినా తగిలింది, మొదటి ఎంపికగా బెడార్డ్‌ని తీసుకున్నారు. అడుగున ఉన్న ఆనహైమ్ రెండో స్థానానికి జారింది. అంటే బెడార్డ్ ఈ ఊరికి రావడం కూడా ఒక గోళీ దొర్లడం మీద ఆధారపడింది. తనకు ఏ ఊరు కావాలి, ఏ కోచ్ కావాలి అని ఆ పిల్లాడిని ఎవరూ అడగరు, ఎవరు పిలిస్తే వాళ్ల చొక్కా తొడుక్కోవాలి.

మరి అంత పేరు ఎందుకొచ్చిందంటే, ఊరికే రాలేదు. బెడార్డ్‌ది కెనడాలో నార్త్ వాంకూవర్, నాన్న అడవుల్లో కలప కొట్టే పని చేసేవాడు. 2020లో, పదిహేనేళ్లకే పూర్తి సీజన్ ఆడడానికి అక్కడి జూనియర్ లీగ్ అయిన వెస్టర్న్ హాకీ లీగ్ ప్రత్యేక అనుమతి ఇచ్చింది, ఆ లీగ్ చరిత్రలో అలాంటి అనుమతి పొందిన మొదటివాడు అతనే. ఆఖరి జూనియర్ సీజన్‌లో రెజీనా జట్టుకి 57 ఆటల్లో 71 గోల్స్, మొత్తం 143 పాయింట్లు. ఇక్కడ పాయింట్ అంటే గోల్ కొట్టినా ఒకటే, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒకటే. 2023 ప్రపంచ జూనియర్ టోర్నీలో అయితే ఏడు ఆటల్లో 23 పాయింట్లు చేశాడు, కెనడాకి బంగారం. స్లొవేకియాతో క్వార్టర్ ఫైనల్ ఓవర్‌టైమ్‌కి వెళ్తే ముగ్గుర్ని తప్పించుకుంటూ లోపలికి దూరి గోల్ కొట్టాడు, ఇంటికెళ్లాక ఆ వీడియో చూడండి, ముఖ్యంగా పిల్లలు, పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, స్టిక్‌కి అతుక్కున్నట్టే ఉంటుంది.

అలాంటివాడు ఇక్కడికొచ్చి మొదటి సీజన్‌లో 68 ఆటల్లో 22 గోల్స్, 39 అసిస్ట్‌లు, మొత్తం 61 పాయింట్లు చేశాడు. లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ అతనికే వచ్చింది. మధ్యలో జనవరిలో దవడ విరిగి 14 ఆటలు పోయాయి, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకుని తిరిగొచ్చాడు. రెండో సీజన్ 82 ఆటలూ ఆడాడు, 23 గోల్స్, 67 పాయింట్లు. అంటే పద్నాలుగు ఆటలు ఎక్కువ ఆడి ఒక గోల్, ఆరు పాయింట్లు మాత్రమే పెరిగాయి. నవంబర్‌లో అయితే వరసగా పది ఆటలు దాటినా గోల్ లేదు. ఇక్కడే జనానికి అనుమానం మొదలైంది, రేడియోలో, ఆఫీసులో, రింక్‌లో అందరూ అదే మాట.

ఆ అనుమానాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఎందుకంటే నంబర్ వన్‌గా వచ్చి నిలబడనివాళ్లు నిజంగానే ఉన్నారు. అలెగ్జాండర్ డేగ్ల్ గురించి విన్నారా? 1993లో ఒట్టావా అతన్ని మొదటి స్థానంలో తీసుకుంది. ఇంకా ఒక్క ఆట కూడా ఆడకముందే ఐదేళ్లకు కోటీ ఇరవై రెండున్నర లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది, ఆ రోజుల్లో అది మతిపోయే డబ్బు. ఆ దెబ్బకే 1995 నుంచి కొత్త ఆటగాళ్ల జీతాలకి లీగ్ పరిమితి పెట్టుకుంది, ఇవాళ బెడార్డ్ మొదటి మూడేళ్ల కాంట్రాక్టులో మూల జీతం ఏడాదికి పది లక్షల డాలర్ల లోపే ఉండడానికి కారణం అదే. డేగ్ల్ 616 ఆటలు ఆడాడు, 327 పాయింట్లు. మామూలు ఆటగాడికైతే అది గౌరవమైన లెక్క. అతని వెంటనే రెండో స్థానంలో వచ్చిన క్రిస్ ప్రాంగర్ మాత్రం గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు.

డేగ్ల్‌కి ఏం తక్కువైంది? కాళ్లలో వేగం ఉంది, చేతుల్లో నైపుణ్యం ఉంది. నాకర్థమైనంత వరకు ఆట మీద ఆకలే తక్కువ. పాతికేళ్ల వయసులో ఆట వదిలేసి వెళ్లిపోయాడు, రెండేళ్లకు తిరిగొచ్చాడు. వచ్చాక మినెసోటాలో ఒక సీజన్‌కి జట్టు మొత్తంలో అతనివే ఎక్కువ పాయింట్లు, 51. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. నెత్తి మీద బరువు లేని చోట, ఎవరూ దేవుడిలా చూడని చోట ఆ మనిషి బాగానే ఆడాడు. పద్దెనిమిదేళ్లప్పుడు అలాంటి చోటు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

రెండో పేరు నెయిల్ యాకుపోవ్, 2012లో ఎడ్మంటన్ మొదటి ఎంపిక. మొదటి సీజన్‌లో లాకౌట్ వల్ల, అంటే యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక లీగ్ ఆగిపోవడం వల్ల, 48 ఆటలే జరిగాయి, అందులో 17 గోల్స్ కొట్టాడు, అందరూ సంబరపడ్డారు. తర్వాత కోచ్ మారాడు, మళ్లీ మారాడు, మళ్లీ మారాడు. ఒక్కొక్కరు ఒక్కోలా ఆడమన్నారు. 2016లో సెయింట్ లూయిస్‌కి పంపేశారు, మొత్తం 350 ఆటలు, 136 పాయింట్లు, ఆపై రష్యాకి వెళ్లిపోయాడు. తప్పంతా ఎడ్మంటన్‌దే అని నేను అనను. పక్ తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడాలో యాకుపోవ్‌కి చివరిదాకా పట్టుబడలేదు, అది కోచ్ నేర్పితే కొంత వస్తుంది, కొంత మనిషిలో ఉండాలి. కానీ 2010 నుంచి 2012 దాకా వరసగా మూడేళ్లు మొదటి ఎంపిక దక్కిన జట్టు, 2016 దాకా పదేళ్ల పాటు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదంటే, ఆ ఇల్లు పిల్లల్ని పెంచే ఇల్లు కాదని తెలుస్తూనే ఉంది కదా.

(సభలో ఒకరు: మరి మెక్‌డేవిడ్ కూడా ఎడ్మంటనే కదన్నా?)

అవును తమ్ముడూ, మంచి ప్రశ్న. 2015లో మెక్‌డేవిడ్ మొదటి ఎంపికగా అదే ఊరికి వచ్చాడు, కాలర్ ఎముక విరిగి 45 ఆటలే ఆడి 48 పాయింట్లు చేశాడు. అంతకుముందు మొదటి ఎంపికగా వచ్చిన క్రాస్బీ అయితే పద్దెనిమిదేళ్లకే 102 పాయింట్లు చేశాడు. అలాంటివాళ్లు ఏ ఇంట్లో పడేసినా పెరుగుతారు. కానీ వాళ్లిద్దరినీ కొలబద్దగా పెట్టుకుని ప్రతి పిల్లాడినీ కొలవడం అన్యాయం. నంబర్ వన్‌గా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ ఇద్దరిలా ఉండరు, అలాగని డేగ్ల్‌లా కూడా ఉండరు. మధ్యలో ఉంటారు, నెమ్మదిగా తయారవుతారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న పేరు. నేథన్ మెకినన్. 2013లో కొలరాడో మొదటి ఎంపిక. మొదటి సీజన్ 63 పాయింట్లు, కాల్డర్ ట్రోఫీ. అచ్చం బెడార్డ్ లాగే. తర్వాత మూడు సీజన్లు ఎంతనుకుంటున్నారు? 38, 52, 53. ఆ మూడో సీజన్లో, అంటే 2016-17లో, కొలరాడో 82 ఆటల్లో 22 గెలిచింది, లీగ్‌లో అందరికంటే అడుగున. అప్పుడు మెకినన్ గురించి ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి, ఇవాళ బెడార్డ్ గురించి అంటున్నదే. మరుసటి సీజన్ 74 ఆటల్లో 97 పాయింట్లు చేశాడు. 2022లో లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు, 2024లో 140 పాయింట్లతో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ తీసుకున్నాడు.

ఒక్క వేసవిలో మనిషి మారిపోయాడా? అతనూ బలపడ్డాడు, కాదనను. కానీ పక్కన రాంటానెన్, లాండెస్కోగ్ కుదిరారు. అంటే పాస్ ఇస్తే గోల్ కొట్టేవాడు ఒకవైపు, గోడ పక్కన కొట్లాడి పక్ తెచ్చిచ్చేవాడు ఇంకోవైపు. హాకీలో ఒక మంచి ఆటగాడు కూడా ఒక ఆటలో మంచు మీద ఉండేది ఇరవై నిమిషాలు, ఆ ఇరవై నిమిషాలు ఎవరితో ఉంటాడన్నదే అతని కెరీర్‌ని నిర్ణయిస్తుంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే జో థార్న్‌టన్. 1997లో బోస్టన్ మొదటి ఎంపిక. మొదటి సీజన్ 55 ఆటల్లో ఏడంటే ఏడు పాయింట్లు! అదే ఇప్పుడు జరిగితే ఫోన్లలో ఆ పిల్లాడిని బతకనిచ్చేవారు కాదు. ఆయన చివరికి 1,714 ఆటలు, 1,539 పాయింట్లు చేసి, ఈ జూన్‌లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు.

సరే, మన షికాగోకి వద్దాం. 2022లో బాగా గోల్స్ కొట్టే డెబ్రింకాట్‌ని వేరే జట్టుకి ఇచ్చేశారు. 2023 ఫిబ్రవరిలో ప్యాట్రిక్ కేన్‌ని న్యూయార్క్ పంపారు. ఆ సీజన్ అయ్యాక జొనాథన్ టేవ్స్‌తో కాంట్రాక్టు పొడిగించలేదు. 2010, 2013, 2015లో మూడు కప్పులు తెచ్చిన జట్టుని ఒక్కొక్క ఇటుకా తీసి నేలమట్టం చేశారు, ఎందుకంటే అడుగుకి వెళ్తేనే బెడార్డ్ లాంటివాడు దొరికే అవకాశం ఉంటుంది కాబట్టి. దొరికాడు. కానీ ఖాళీ ఇంటికి దొరికాడు. పక్కన ఆడిద్దామని టేలర్ హాల్‌ని తెచ్చారు, ఆయన పది ఆటలు ఆడి మోకాలు ఆపరేషన్‌కి వెళ్లిపోయాడు. ఆ మొదటి సీజన్లో బెడార్డ్‌వి 61 పాయింట్లు, సహచరుడు కురాషెవ్‌వి 54, జట్టులో మూడో స్థానంలో ఉన్నవాడివి 37. అవతలి జట్టు కోచ్ ఏం చేస్తాడు? బెడార్డ్ మంచు మీదకొచ్చిన ప్రతిసారీ తన దగ్గరున్న బెస్ట్ డిఫెన్స్ జంటని అతని మీదకి పంపిస్తాడు. ఇంకెవరి గురించీ భయపడక్కర్లేదు కదా.

కేన్ కూడా 2007లో మొదటి ఎంపికే, కొత్తగా వచ్చి 72 పాయింట్లు చేశాడు, నిజమే. కానీ కేన్ వచ్చిన సీజన్‌లోనే పక్కన టేవ్స్ వచ్చాడు, వెనక డంకన్ కీత్, సీబ్రూక్ ఉన్నారు, ప్యాట్రిక్ షార్ప్ ఉన్నాడు, ఇంకో రెండేళ్లకి హోసా వచ్చాడు. ఇంతమందిని ఒకవైపు పెట్టి, బెడార్డ్‌ని ఒక్కడినే ఇంకోవైపు పెట్టి పోల్చడం నాకు న్యాయంగా అనిపించదు.

కోచ్‌ల సంగతి సరేసరి. ల్యూక్ రిచర్డ్‌సన్‌ని 2024 డిసెంబర్‌లో తీసేశారు, ఆండర్స్ సోరెన్సన్‌ని తాత్కాలికంగా పెట్టారు, ఈ మే నెలలో జెఫ్ బ్లాషిల్‌ని తెచ్చారు. ఇరవై ఏళ్లు నిండిన కుర్రాడికి మూడో సీజన్, మూడో హెడ్ కోచ్. నాకు నిజంగా భయం కలిగించే విషయం ఇదొక్కటే, యాకుపోవ్ కథ ఇలాగే మొదలైంది కాబట్టి.

అలాగని బెడార్డ్ ఆటలో లోపాలు లేవా అంటే ఉన్నాయి, అవి దాచిపెట్టి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. సెంటర్‌గా, అంటే రెండు పక్కలా ఉండే వింగర్ల మధ్యలో, ఆడేవాడు ఫేస్‌ఆఫ్ గెలవాలి, ఇద్దరి మధ్య రిఫరీ పక్ పడేస్తాడు చూడండి, అది. బెడార్డ్ రెండు సీజన్లలోనూ 100కి 40 కూడా గెలవలేదు. ఓడిన ప్రతిసారీ పక్ కోసం వెంటపడాలి, అక్కడే కాళ్ల శక్తి సగం అయిపోతుంది. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, ఆ ఎత్తు తప్పేం కాదు, కానీ ఆ ఎత్తువాడికి మొదటి మూడు అడుగుల వేగం చాలా ఉండాలి, అది ఇతనికి ఇంకా సరిపడా లేదు. జూనియర్‌లో గోల్ ముందు చేతుల్లో పక్ పెట్టుకుని ఒక క్షణం ఆలోచించే టైమ్ ఉండేది, ఇక్కడ ఆ క్షణంలో ఎవడో ఒకడి స్టిక్ వచ్చి పడుతుంది. ఇక డిఫెన్స్. మొదటి సీజన్ ప్లస్ మైనస్ లెక్కలో మైనస్ 44, అంటే పవర్ ప్లేలు, అవతలివాడు శిక్షపడి బయట ఉన్నప్పుడు కొట్టిన గోల్స్, తీసేసి చూస్తే, అతను మంచు మీద ఉన్నప్పుడు జట్టు కొట్టినవాటి కంటే తిన్న గోల్స్ 44 ఎక్కువ. ఆ అంకెలో జట్టు పాపం ఎక్కువే ఉంది, కానీ మొత్తం జట్టు మీదకి తోసేయలేం. వెనక్కి వచ్చేటప్పుడు ఎవరిని పట్టుకోవాలో చూసుకోకుండా పక్‌నే చూస్తూ ఉండిపోతాడు కొన్నిసార్లు.

మరి ఎందుకంత నమ్మకం అంటారా? ఒకటి, ఆ షాట్. పక్‌ని ముందు ఒంటికి దగ్గరగా లాక్కుని, స్టిక్ కోణం మార్చి, అప్పుడు వదులుతాడు. డిఫెండర్ కాళ్ల సందులోంచి వస్తుంది, గోల్‌కీపర్‌కి ఎక్కడ వదిలాడో కనపడదు. అది పుట్టుకతో వచ్చింది కాదు, చిన్నప్పటి నుంచి ఇంటి పెరట్లో గంటల తరబడి కొట్టి కొట్టి తెచ్చుకున్నది. లీగ్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్లకే అలాంటి షాట్ లేదు. రెండోది, డేగ్ల్ దగ్గర కనపడనిది, ఆకలి. ఓడిన రాత్రి బెంచ్ మీద అతని మొహం చూడండి, జట్టు పదో ఆట ఓడినా అతనికి ఓటమి అలవాటు కాలేదు. జట్టు ఇన్నిసార్లు ఓడుతున్నప్పుడు అలవాటు పడిపోవడం చాలా తేలిక, నేను ఎక్కువ భయపడింది దానికే, అది జరగలేదు.

మనవాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాను. అంబటి రాయుడు గుర్తున్నాడు కదా. 2002-03 రంజీలో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ కొట్టిన కుర్రాడు, 2004 అండర్-19 ప్రపంచకప్‌లో కెప్టెన్. ఆ జట్టులో ధావన్, రైనా ఉన్నారు, వాళ్లకంటే రాయుడి పేరే ముందు వినపడేది. మొదటి వన్డే ఎప్పుడాడాడు? 2013లో. ఆట తగ్గి కాదు. గొడవలు, జట్లు మారడం, 2007లో బోర్డు గుర్తింపు లేని ఐసీఎల్ లీగ్‌కి వెళ్లి నిషేధంలో పడడం. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు దాకా బ్యాట్స్‌మన్‌కి బంగారం లాంటి ఏళ్లు భారత జట్టు బయటే పోయాయి. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఆ నొప్పి ఇంకా ఉంది, నాకైతే ఉంది. అందుకే ఇరవై ఏళ్ల పిల్లాడు అయిపోయాడని ఎవరైనా నాతో అంటే, నాకు కోపం వస్తుంది. హాకీలో కూడా స్కోరింగ్ పండేది దాదాపు 23 నుంచి 27 ఏళ్ల మధ్యలోనే. బెడార్డ్ మొన్న జూలై 17న ఇరవైలోకి వచ్చాడు.

ఇంకో మాట, రింక్‌కి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులతో. ఈ కుర్రాడి గురించి ఇంటర్నెట్‌లో రాసే మాటలు మీ పిల్లలు చదువుతున్నారు. పదేళ్ల పాప నాతో "అంకుల్, బెడార్డ్ బస్ట్ అట కదా" అంది, అంటే అంత పేరొచ్చి తుస్సుమన్నవాడని. లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిని, జట్టులో వరసగా రెండేళ్లు ఎక్కువ పాయింట్లు చేసినవాడిని బస్ట్ అంటే, ఆ పాప రేపు స్కూల్ టీమ్‌లో రెండు ఆటలు గోల్ కొట్టకపోతే తన గురించి ఏమనుకోవాలి? దయచేసి ఇంట్లో ఆ మాట వాడకండి.

(సభలో ఒకరు: ఈ సీజన్ ఎన్ని పాయింట్లు చేస్తాడు, చెప్పండి సార్!)

అడుగుతారని తెలుసు. ఒంట్లో బాగుంటే 75 దాటుతాడు, నా అంచనా. కానీ అక్టోబర్‌లో ఆట మొదలయ్యాక పాయింట్లు చూడకండి, మూడు సంగతులు చూడండి. మన జట్టులోనే ఉన్న ఫ్రాంక్ నజార్ రెండో లైన్‌కి, అంటే ముందు ఆడే ముగ్గురి రెండో బృందానికి, సెంటర్‌గా కుదురుకున్నాడా లేదా, ఎందుకంటే అతను కుదిరితే అవతలి కోచ్ తన డిఫెన్స్‌ని బెడార్డ్ ఒక్కడి మీదే పెట్టలేడు. బెడార్డ్ పక్కన ఒకే ఇద్దరు వింగర్లు నెలకు పైగా ఉన్నారా, లేక వారానికొకరు మారుతున్నారా. పవర్ ప్లే కాకుండా ఐదుగురికి ఐదుగురు ఆడేటప్పుడు అతను మధ్య గీత దాటేసరికి వేగంగా ఉన్నాడా, నిలబడి పక్ కోసం చెయ్యి చాపుతున్నాడా. క్రిస్మస్ లోపల ఈ మూడూ కుదిరితే 75 కాదు, 90 అయినా నేను ఆశ్చర్యపోను. కుదరకపోతే మళ్లీ 65 దగ్గరే ఆగిపోతాడు, అప్పుడు కూడా నా జవాబు మారదు, మెకినన్‌కి ఐదో సీజన్ పట్టింది కాబట్టి.

బ్లాక్‌హాక్స్ సొంత స్టేడియం యునైటెడ్ సెంటర్‌కి పిల్లలతో వెళ్లేవాళ్లు వార్మప్ టైమ్‌కి చేరుకోండి, ఆట కంటే ముందు అతను షాట్లు కొడతాడు, గోల్ వెనక అద్దం దగ్గర నిలబడితే పక్ ఎక్కడి నుంచి వదిలాడో మీకే తెలుస్తుంది. ఇక ప్రశ్నలు అడగండి.